చెట్టును గుర్తుపట్టుడు కూడా చదువే

నేను రుద్రూర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. పోస్టు పెద్దగున్నది. టైం ఉన్నప్పుడే తీరిగ్గా చదవండి, సగంలో మాత్రం ఆపకండి.

నేను చెప్పదలచుకున్న మాట ఇది. ఒక చెట్టును చూసి, దాని అన్నదమ్ముల్లాంటి చెట్ల నుంచి దాన్ని వేరు చేసి, ఇది ఫలానా అని చెప్పే తెలివి మన పెద్దలకు ఉన్నది. కాలేజీలో దాన్నే వర్గీకరణ శాస్త్రం అంటరు, దానికి మార్కులు వేస్తరు, పీహెచ్‌డీలు ఇస్తరు. మన ఇంట్ల ఉంటే మాత్రం దాన్ని "అడవి అలవాటు" అంటరు. మనం కూడా అట్లనే అనుకుంటున్నం. మన తరం దాన్ని మన పేరు మీద రాసి పెట్టుకోకపోతే, ఇంకొకరి పేరు మీదికి పోతది, లేదంటే ఎవ్వరూ రాయకముందే పెద్దలతోని పోతది.

ఊరికే మాటలు చెప్తే నమ్మరు కాబట్టి ఒక్క కుటుంబాన్ని తీసుకుని చూపిస్త. మద్ది కుటుంబం.

శాస్త్రంలో ఈ చెట్ల జాతి పేరు టెర్మినాలియా. లాటిన్‌లో టెర్మినస్ అంటే కొస, అంచు. ఈ జాతిలో చాలా చెట్లకు ఆకులు కొమ్మ పొడుగునా పరుచుకోకుండా కొసకు గుత్తిగా వస్తయి కాబట్టి ఆ పేరు పెట్టిండ్రు. పూలు చిన్నగ, కంకుల్లాగ వస్తయి, వాటికి రెక్కలు ఉండవు. ఆకు తొడిమ దగ్గరనో, ఆకు మొదలు కిందనో చాలా వాటికి రెండు చిన్న గడ్డల్లాంటివి కనిపిస్తయి. వాటిని గ్రంథులు అంటరు. వేలితో తడిమితే తెలుస్తది. ఇవి ఈ చెట్ల ఇంటిపేరు లాంటివి. ఇంటిపేరు ఒకటే అయినా మనుషులు వేరు కదా. ఒక్కొక్కరిని చూద్దాం.

నల్లమద్ది. శాస్త్రంలో టెర్మినాలియా టొమెంటోసా. బెరడు నల్లగ, మందంగ, పలకలు పలకలుగ పగిలి ఉంటది. మొసలి వీపు లాగ ఉంటదని ఇంగ్లీషులో దానికి మొసలి బెరడు చెట్టు అని పేరు. కొండవాలు మీద, ఎండు నేలల్లో, టేకుతోని కలిసి పెరుగుతది. ఆకు కింద మొదట్లో రెండు గ్రంథులు బయటికి పొడుచుకుని ఉంటయి. కాయకు అయిదు రెక్కలు, అవి వెడల్పుగ ఉంటయి. రెక్క మీద గీతలు నడుమ నుంచి అంచు దాకా సూటిగ, అడ్డంగ పోతయి.

తెల్లమద్ది, కొన్ని చోట్ల ఏరుమద్ది. శాస్త్రంలో టెర్మినాలియా అర్జున. సంస్కృతంలో అర్జున అంటే తెలుపు అని కూడా అర్థం. బెరడు నున్నగ, బూడిద తెలుపుగ ఉంటది, పెద్ద పెద్ద పలచటి పెచ్చులుగ ఊడి వస్తది. లోపలి పొర ఎర్రగ, గులాబీ రంగుల ఉంటది. ఏరుమద్ది అనే పేరే దాని అడ్రస్ చెప్తది. వాగు గట్టు, ఏటి ఒడ్డు దాని జాగ. దీని కాయకు కూడా అయిదు రెక్కలే. కానీ రెక్కలు సన్నగ ఉంటయి, గీతలు పైకి వంపు తిరిగి ఉంటయి. ఆకులన్నీ రాలిపోయినా చెట్టు కింద దొరికిన ఒక్క ఎండు కాయతోని ఈ రెండింటినీ వేరు చేయవచ్చు.

తాని. టెర్మినాలియా బెల్లిరికా. చాలా పెద్ద చెట్టు అయితది. ఆకు పెద్దగ, పొడుగు తొడిమతోని కొమ్మ కొసల దగ్గర గుంపుగ ఉంటది. కాయకు రెక్కలు లేవు. గుండ్రంగ, బూడిద రంగుల, పైన సన్నని నూగుతోని మెత్తగ మఖ్మల్ లాగ ఉంటది. పూత కాలంలో వాసన ఎంత ఘాటుగ ఉంటదంటే, చెట్టు కనిపించకముందే ముక్కుకు తెలుస్తది.

కరక. టెర్మినాలియా చెబులా. తాని కన్నా సాధారణంగ చిన్న చెట్టు. ఆకులు ఒకదానికొకటి దాదాపు ఎదురెదురుగ వస్తయి. తొడిమ పైకొసకు రెండు గ్రంథులు. కాయ నున్నగ ఉంటది, నూగు ఉండదు, ఎండితే అయిదు గట్లు తేలి గట్టిపడతది. తానికాయ, కరక్కాయ రెండూ చేతిలో పెడితే కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు: ఒకటి మెత్తటి నూగు, ఇంకొకటి గట్లు గట్లుగ గరుకు.

ఇంక బాదం. చాలా హాస్టళ్ల ముందర, బడుల ముందర ఉండే ఆ నీడ చెట్టు. టెర్మినాలియా కటప్పా. ఇది అసలు మన కొండల చెట్టు కాదు. సముద్రపు ఒడ్డు చెట్టు, దీవుల చెట్టు. కటప్పా అనే మాట మలయా భాషలోని కెటాపాంగ్ నుంచి వచ్చింది. దీని కాయ బాదం గింజ ఆకారంలో అదిమినట్టు ఉంటది, రెండు వైపులా అంచు తేలి ఉంటది. లోపల బెండు లాంటి పీచు ఉండబట్టి నీళ్ల మీద తేలుతది. అలల మీద కొట్టుకుపోయి ఒక దీవి నుంచి ఇంకో దీవికి చేరి మొలుస్తది. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగ అడ్డంగ చాపుకుంటయి. ఆకు రాలేముందు ఎర్రగయితది. సముద్రం మొహం చూడని రుద్రూర్ పిల్లలు ఆ దీవి చెట్టు నీడలో కూర్చుని పరీక్షలకు చదువుతరు. దాని అన్నదమ్ములు మన వాగు ఒడ్డున, మన గుట్ట మీద ఉన్నరని మాత్రం మనకు ఎవ్వరూ చెప్పరు.

బాదం అనే పేరు చూడండి, ఎంత మోసం చేస్తదో. షాపులో కిలోల లెక్క అమ్మే బాదం పప్పు గులాబీ కుటుంబపు చెట్టుది. మన బడి ముందరి బాదంతోని దానికి ఏ చుట్టరికం లేదు. రుచి కొంచెం కలిసిందని పేరు అంటుకున్నది. అండమాన్ దీవుల్లోనయితే ఇంకో తిరకాసు. అక్కడ కలప వ్యాపారంలో బాదం అంటే టెర్మినాలియా ప్రొసెరా అనే వేరే చెట్టు. దాన్నే వైట్ బాంబ్వే అని కూడా అంటరు. అక్కడే వైట్ చుగ్లం అని ఒకటి, బ్లాక్ చుగ్లం అని ఒకటి ఉన్నయి. రెండూ టెర్మినాలియాలే: మొదటిది బయలాటా, రెండోది మనీ. బయలాటా అంటే రెండు రెక్కలది అని అర్థం, దాని కాయకు రెండు రెక్కలు. మనం తెల్లమద్ది, నల్లమద్ది అన్నట్టే అక్కడ కూడా తెలుపు, నలుపు పెట్టి అన్నదమ్ములను వేరు చేసుకున్నరు. మనిషి ఏ అడవిలో ఉన్నా, ఏ దీవిలో ఉన్నా దగ్గరి చెట్లను వేరు చేసే పద్ధతి ఒకటే: బెరడు, ఆకు, కాయ, వాసన, చెట్టు నిలబడ్డ జాగ.

కాలేజీ పుస్తకంలో ఈ పద్ధతికి "కీ" అని పేరు. రెండు రెండు ప్రశ్నలు అడుక్కుంట పోతరు. కాయకు రెక్కలు ఉన్నయా, లేవా? ఉంటే, రెక్క వెడల్పా, సన్నమా? లేకుంటే, నూగు ఉన్నదా, గట్లు ఉన్నయా? ఒక్కో జవాబుకు ఒక్కో చెట్టు పక్కకు పోయి చివరికి ఒక్కటే మిగులుతది. నాకు ఈ పాఠం చెప్పినప్పుడు కొత్తగ ఏం అనిపించలే. మా తండా గాంధారి దిక్కు. చిన్నప్పుడు మా దాదీతోని కట్టెలకు పోయినప్పుడు, "రెండూ మద్దే కదా దాదీ" అంటే, "ఆవును చూసి బర్రె అంటవా బేటా? తోలు చూడు, ఎక్కడ నిలబడ్డదో చూడు, కింద కాయ చూడు" అనేది. అదే వరుస. ముందు బెరడు, తర్వాత జాగ, తర్వాత కాయ. ఆమెకు అక్షరం రాదు. కానీ పుస్తకం రాసినాయన అడిగిన ప్రశ్నలే ఆమె అడిగింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. దీన్ని ఎవరు రాస్తరు, ఎవరి పేరు మిగులుతది?

మద్ది చెట్ల శాస్త్రీయ పేర్ల చరిత్రలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టర్ పేరు ఉంటది. ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1780లలో గోదావరి దిక్కున సామర్లకోటలో ఉండి మన చెట్లను, మొక్కలను వర్ణించిండు, బొమ్మలు గీయించిండు. 1793లో కలకత్తా బొటానికల్ తోటకు పోయిండు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి అచ్చయింది. నల్లమద్దికి, తెల్లమద్దికి ఆయన పెట్టిన జాతి పేరు పెంటాప్టెరా. అంటే అయిదు రెక్కలది. కాయకు అయిదు రెక్కలున్న సంగతి చూసే పెట్టిండు. తర్వాత వేరే శాస్త్రవేత్తలు వాటిని టెర్మినాలియాలో కలిపిండ్రు. ఆయన తన రాతల్లో తెలుగు పేర్లు కూడా రాసుకున్నడు. ఆ పేర్లు ఆయనకు ఎవరో చెప్పినోళ్లే కదా. ఊరోళ్లు, అడవోళ్లు, కట్టెలు కొట్టేటోళ్లు. వాళ్ల పేర్లు ఆ పుస్తకంలో వెతికినా మనకు దొరకవు. రాసినాయన పేరు మాత్రం చెట్టు పేరు పక్కన ఇప్పటికీ ఉన్నది.

నేను రాక్స్‌బర్గ్‌ను తిట్టడానికి ఇది రాస్తలేను. ఆయన పని పెద్దది. తెలుగు పేర్లు రాసుకోబట్టే ఆ పేర్లకు అంత పాత రికార్డు ఉన్నది. నేను చెప్పేది, రాసినోళ్లదే మిగులుతది అని.

అది పాత కథ అనుకుంటే ఈమధ్యది వినండి. 2024 మార్చి ఆఖరున అల్లూరి సీతారామరాజు జిల్లా పాపికొండల జాతీయ పార్కులో అటవీ శాఖోళ్లు ఒక నల్లమద్ది చెట్టు బెరడుకు గాటు పెడితే, నల్లా విప్పినట్టు నీళ్లు కారినయి. వీడియో దేశమంతా తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటరు. ఎండాకాలంలో నల్లమద్దిలో నీళ్లు నిలువ ఉంటయని ఆ సిబ్బందికి చెప్పింది అక్కడి కొండరెడ్లు. ఈ సంగతి వార్తల్లో వచ్చింది, అధికారులు కూడా చెప్పిండ్రు. కానీ మన ఫోన్లకు వచ్చిన ఫార్వర్డులు చూడండి: "అద్భుతం, చెట్టు నుంచి నీళ్లు", "అధికారులు కనిపెట్టిన వింత చెట్టు". కొండరెడ్ల మాట రెండో ఫార్వర్డుకే ఊడిపోయింది. తరతరాలుగ ఒక జనానికి తెలిసిన సంగతి, కెమెరా ముందు పడ్డ రోజున "కనిపెట్టిన" సంగతి అయింది.

దీంట్లో ఇంకో ప్రమాదం కూడా ఉన్నది. కలప కోసమో, వీడియో కోసమో జనం మీద పడతరని ఆ చెట్టు ఎక్కడ ఉన్నదో అటవీ శాఖ బయటపెట్టలేదు. మంచి పని చేసిండ్రు. ఎందుకంటే నల్లమద్దికి, తెల్లమద్దికి తేడా తెలియని పిల్లగాడు రీల్ కోసం గొడ్డలి పట్టుకుని పోతే, కనిపించిన ప్రతి మద్దికీ గాటు పెడతడు. నల్లమద్దిలో కూడా అన్నింట్లో నీళ్లు ఉండవు. ఏ చెట్టులో ఉంటయో, ఎప్పుడు ఉంటయో, ఎక్కడ గాటు పెట్టాలో, ఎంత లోతుకు పెట్టాలో తెలిసినోళ్లు దాహం తీరేంత తీసుకుని ఊరుకుంటరు. సగం తెలిసినోళ్లు చెట్టును చంపుతరు.

తెల్లమద్ది బెరడు సంగతి కూడా అంతే. గుండె మందుగ దానికి పేరున్నది కాబట్టి బజారులో గిరాకీ ఉన్నది. చెట్టుకు ఒక పక్క కొంత బెరడు తీస్తే మళ్లీ పూడుకుంటది. ఆశకు పోయి బోదె చుట్టూ తీస్తే, ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకు పోయే దారి తెగిపోయి చెట్టు నిలువునా ఎండుతది. మన పెద్దలు ఒక వైపే తీయమంటరు. అది దయ కొద్దీ చెప్పిన మాట అనుకోకండి. బెరడు ఏం పని చేస్తదో తెలిసి చెప్పిన మాట.

డబ్బుల దగ్గర కూడా ఇది తేలుతది. త్రిఫల చూర్ణంలో మూడు కాయల్లో రెండు ఈ కుటుంబానివే: కరక, తాని. మూడోది ఉసిరి, అది వేరే కుటుంబం. కలంకారీ బట్టకు రంగు పట్టాలంటే ముందు కరక్కాయ నీళ్లలో, పాలలో ముంచుతరు. చెన్నూరు, మహదేవపూర్ దిక్కు దసలి పట్టు పురుగులను పెంచేది మద్ది ఆకుల మీదనే. అంటే ఈ చెట్లు మన ఇండ్లలోకి పైసలు తెచ్చే చెట్లు. ఏరే మనిషికి తేడా తెలిసి, కాయ కాయ విడిగ, పచ్చిది పండినది విడిగ పెడితే రేటు అడిగే ధైర్యం వస్తది. అన్నీ ఒకటే సంచిలో పోసి తెస్తే కొనేటోడు చెప్పిందే రేటు. నేను చదివేది ఆహార పదార్థాల గురించి. మాకు మొదట చెప్పే పాఠాల్లో ముడిసరుకు అసలుదా, కల్తీదా అనేది ఒకటి. పొడి చేసినంక గుర్తుపట్టాలంటే ల్యాబు కావాలె, మిషన్లు కావాలె. చెట్టు కింద ఉన్నప్పుడు గుర్తుపట్టడానికి మన ఇంట్ల ముసలామె చాలు.

దీని మీద మన పిల్లలే కొందరు రెండు మాటలు అంటరు. వాటికి జవాబు చెప్పాలె.

మొదటిది: "ఫోన్‌లో యాప్ ఉన్నది కదా, ఫొటో తీస్తే పేరు చెప్తది." నేనూ వాడుత, మంచిదే. కానీ మన అడవి ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. ఆకు లేని చెట్టు బోదె ఫొటో పెడితే యాప్ తికమక పడతది. వాసన దానికి తెలియదు. వేలితో తడిమితే తెలిసే గ్రంథి, నూగు దానికి తెలియదు. చాలా గూడేల్లో సిగ్నలే ఉండదు. అన్నింటికన్నా ముఖ్యం, యాప్ చెప్పిన పేరు ఒప్పో తప్పో చూసుకోవడానికైనా మనకు గుర్తులు తెలియాలె కదా.

రెండోది: "మనం కష్టపడి బయటికి వచ్చింది మళ్లీ ఆకులు, కాయలు అనుకుంట తిరగడానికా?" ఈ మాట వెనక బాధ ఉన్నది. నాకు తెలుసు. అడవి పేరు ఎత్తితే క్లాసులో నవ్వుతరేమో అనే భయం మనలో చాలామందికి ఉన్నది. కానీ ఆలోచించండి. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి కోచింగ్ తీసుకుంట ఇదే చెట్ల శాస్త్రీయ పేర్లు బట్టీ కొడుతున్నం. బట్టీ కొట్టిన పిల్లగాడికి చెట్టు తెలియదు, చెట్టు తెలిసిన దాదీకి ఆ పేరు తెలియదు. రెండూ తెలిసే అవకాశం మనకే ఉన్నది. మన ముందటి తరానికి ఆ పుస్తకం దొరకలే, మన తర్వాతి తరానికి ఆ దాదీ దొరకదు.

ఇంక చట్టం సంగతి. ఇది జాగ్రత్తగ చదవండి.

2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(సి) చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇస్తది. అది చాలామందికి తెలుసు. సెక్షన్ 3(1)(కె) మాత్రం తక్కువ మందికి తెలుసు. జీవవైవిధ్యానికి, సంస్కృతికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సముదాయానికి హక్కు ఉన్నదని అది చెప్తది. ఆ చట్టం కింద 2008లో అమలుకు వచ్చిన నిబంధనల్లో, హక్కుకు రుజువుగ పెద్దల మాటను రాతపూర్వకంగ పెట్టొచ్చని ఉన్నది. సముదాయ హక్కులకు పవిత్ర వృక్షాలు, దేవుని వనాలు కూడా రుజువుగ చూపొచ్చు. మధ్య భారతంలో గోండులు తమ పెద్దదేవుడు సాజా చెట్టులో ఉంటడని మొక్కుతరు. ఆ సాజా అంటే మన నల్లమద్దే. అట్లాంటి చోట ఆ చెట్టు ఏదో గుర్తులతోని సహా చెప్పగలగడం భూమి దాకా పోయే సంగతి. "ఏదో పెద్ద చెట్టు" అని రాస్తే ఫైలు తిరిగి వస్తది.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలె, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలె. ఊర్లో ఏ చెట్లున్నయి, వాటిని ఏమంటరు, ఎట్ల వాడుతరు, ఎవరికి తెలుసు అనేది దాంట్లో ఉండాలె. హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి ఆఖరు గడువు పెట్టడంతో దేశమంతా ఈ రిజిస్టర్లు పరుగుల మీద తయారైనయి. మీ పంచాయతీ రిజిస్టర్‌ను ఎప్పుడన్న చూసిండ్రా? మీ తండాలో, మీ గూడెంలో ఎవరినన్న అడిగి రాసిండ్రా? మీ భాషలో పేరు దాంట్లో ఉన్నదా? పంచాయతీకి పోయి చూపించమని అడిగే హక్కు మనకున్నది.

రాత ఎందుకంత ముఖ్యమో పసుపు కథ చెప్తది. 1995లో అమెరికాలో గాయం మాన్పడానికి పసుపు వాడటం మీద పేటెంట్ ఇచ్చిండ్రు. మన దేశపు సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, అచ్చయిన పత్రాలు చూపించి కొట్లాడితే 1997లో రద్దయింది. తర్వాత 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టిండ్రు. దాంట్లో ఎక్కించింది ఆయుర్వేదం, యునానీ, సిద్ధ లాంటి పుస్తకాల్లో ఉన్నది. మరి పుస్తకం లేని మన జ్ఞానం? గోర్‌బోలీకి సొంత లిపి లేదు. గోండికి గుంజాల లిపి ఉన్నా, కంప్యూటర్ల కోసం యూనికోడ్‌లో చేరింది 2018లోనే. నోటి మాటగ ఉన్నది ఏ లైబ్రరీకీ ఎక్కదు. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, గ్రంథాల్లో ఉన్న జ్ఞానాన్ని వాడుకునేటోళ్లకు లాభంలో వాటా ఇచ్చే పని లేకుండ మినహాయింపు ఇచ్చిండ్రు. అంటే మనకు వాటా అడిగే జాగ మిగిలింది గ్రంథాల్లో లేని జ్ఞానం దగ్గర. అది మనదని చూపించడానికి మన ఊరి రిజిస్టర్ కన్నా దగ్గరి కాగితం ఏమున్నది?

వాటా అడిగితే ఎవరిస్తరు అంటరేమో. కేరళలో కాణి గిరిజనులు 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిస్తూ అలసట రాకుండ ఒక మొక్క కాయలు తిన్నరు. వాళ్లు చెప్పిన గుర్తుతోని "జీవని" అనే మందు తయారైంది. 1995లో ఆ మందు లైసెన్సు ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు వచ్చిన ఫీజులో సగం కాణి జనానికి ఇయ్యాలని ఒప్పుకున్నరు. ఎవరు చెప్పిండ్రు అనేది రికార్డులో ఉండబట్టే అది జరిగింది.

అందుకే నా ప్రతిపాదన. పెద్ద ఖర్చు లేదు, ఒక్క నోట్‌బుక్ చాలు. పండుగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క కుటుంబం చెట్లు తీసుకుందాం. మద్దితోని మొదలుపెడదాం. ఒక్కో చెట్టుకు ఒక్కో పేజీ. దాంట్లో ఏం రాయాలంటే:

1. మన ఇంటి భాషలో పేరు. తర్వాత తెలుగు పేరు. శాస్త్రీయ పేరు ఆఖరికి, ఖాయం అయినంకనే.
2. చెట్టు ఎక్కడ నిలబడ్డది: వాగు ఒడ్డా, గుట్టా, చేను గట్టా.
3. బెరడు రంగు, పగులు, ఊడే తీరు.
4. ఆకు ఎట్ల వస్తది, గ్రంథులు ఉన్నయా, ఎక్కడ ఉన్నయి. ఏ నెలలో రాలుతది, ఏ నెలలో చిగురుతది.
5. పూత నెల, వాసన.
6. కాయ: రెక్కలా, గట్లా, నూగా. వీలైతే ఒక ఎండు కాయ పేజీకి అతికించండి.
7. ఎవరు చెప్పిండ్రు, ఏ ఊరు, ఏ తారీఖు. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే పేరు రాయాలె.

ఒక్క సంగతి గట్టిగ చెప్తున్న. మందు రహస్యాలు రాయకండి. ఏ రోగానికి ఏ వేరు, ఎంత, ఎట్ల అనేది ఆ ఇంటోళ్ల సొత్తు. దాన్ని గ్రూపులో పెడితే రేపు ఎవడో సీసాలో పోసి అమ్ముతడు, లేదంటే తెలిసీ తెలియకుండ తాగి ఎవరికన్న ప్రాణం మీదికి వస్తది. మనం రాసేది చెట్టు గుర్తులు మాత్రమే. మిగతాది రిజిస్టర్‌లో ఎక్కించాలా, వద్దా అనేది గ్రామసభ కూర్చుని తేల్చుకోవాలె.

ఇంకోటి. పేరు దగ్గర కొట్లాడుకోవద్దు. ఒక ఊర్లో ఒక పేరు, పక్క ఊర్లో ఇంకో పేరు ఉంటది. శాస్త్రవేత్తలు కూడా నల్లమద్దిని టొమెంటోసా అని, అలాటా అని, క్రెనులాటా అని, ఎలిప్టికా అని నాలుగు రకాలుగ రాసిండ్రు. శేషాచలం కొండల దిక్కు తెల్లకరక అని ఒక చెట్టున్నది, టెర్మినాలియా పాలిడా. ఆ తూర్పు కనుమల్లో తప్ప లోకంలో ఎక్కడా సహజంగ పెరగదు. పేరు విని కరకే అనుకుంటే దాన్ని పోగొట్టుకుంటం. గుర్తులు చూసినోళ్లకే అది వేరే చెట్టని తెలుస్తది. కోయ అన్నలు ఒకటి అనొచ్చు, గోండు అక్కలు ఒకటి అనొచ్చు, మా లంబాడోళ్లు ఒకటి అనొచ్చు. పేర్లు అన్నీ పక్కపక్కన రాద్దాం. కాయ రెక్క మీద గీత మాత్రం ఎవరు చూసినా ఒక్క తీరుగనే ఉంటది.

నేను ఈసారి ఇంటికి పోయినప్పుడు తెల్లమద్ది, నల్లమద్ది, తాని మూడు పేజీలు రాసి ఇదే గ్రూపులో పెడత. మా వైపు కరక చెట్లు తక్కువ. మన్ననూరు, ఏటూరునాగారం, ఉట్నూరు, పాడేరు దిక్కు ఉన్నోళ్లు కరక పేజీ రాయండి. మీ భాషలో మద్దిని ఏమంటరో ఇప్పుడే కింద ఒక్క లైన్ రాయండి. ఊరి పేరు కూడా రాయండి. ఇంట్ల పెద్దలు ఉన్నోళ్లు ఇయ్యాలనే ఫోన్ చేసి అడగండి.